ఆల్డస్, ఎల్జివీర్, డెల్ఫిన్: మొదటి పాత లాటిన్ పుస్తకంగా ఏది కొనాలి?

రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయాడు. ఆయన 37 పుస్తకాలుగా రాసిన ‘ప్రకృతి చరిత్ర’లో, ఆరో పుస్తకంలో ఒకచోట మన ఊసు వస్తుంది. ‘ఆందరే’ అనే బలమైన జాతి ఉందని, వాళ్లకు ఎన్నో పల్లెలు, గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలు ఉన్నాయని, వాళ్ల రాజు దగ్గర లక్ష కాల్బలం, 2 వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని రాశాడు. శాతవాహనుల గురించి చదివినవాళ్లకు ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. కాలేజీలో ఈ మాట చదివినప్పుడు నాకు ఒక్కటే కోరిక పుట్టింది. ఆ వాక్యాన్ని పాత అచ్చులో, పాత కాగితం మీద, నా కళ్లతో చూడాలి. పాత లాటిన్ పుస్తకాల దారిలోకి నేను వచ్చింది అలాగే.

అప్పటి నుంచి నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది: మొదటి పుస్తకం ఏది కొనాలి? హైదరాబాద్‌లో ఉండి విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు, లండన్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి పుస్తక ప్రదర్శనలకు నేరుగా వెళ్లగలిగేవాళ్లు, అందరూ ఇదే అడుగుతారు. ముందు మీకో ప్రశ్న. ఆ పుస్తకాన్ని చదువుతారా, అచ్చు చరిత్ర కోసం దగ్గర ఉంచుకుంటారా, లేక ఒక ఫలానా పేజీ కోసం వెతుకుతున్నారా? దీనికి జవాబు దొరికితే సగం పని అయినట్టే. పాతదైతే చాలు మంచిదేనన్న లెక్కతో కొంటే మాత్రం డబ్బు వృథా అవుతుంది.

ఎందుకంటే పాత కూర్పుల్లో మూలమే పూర్తిగా ఉండకపోవచ్చు. రోమ్ చరిత్ర రాసిన లివీని తీసుకోండి. ఆయన గ్రంథం రోమ్‌లో 1469లో మొదటిసారి అచ్చయింది. కానీ 41 నుంచి 45 వరకు ఐదు పుస్తకాలు అప్పటికి ఎవరికీ తెలియవు. 1527లో లోర్ష్ మఠంలో వాటి రాతప్రతి బయటపడింది, 1531లో బాసెల్‌లో ఫ్రోబెన్ ముద్రణాలయం నుంచి అచ్చులోకి వచ్చాయి. అంటే 1531కి ముందు అచ్చయిన లివీలో ఆ ఐదూ ఉండవు. అది ప్రతిలో లోపం కాదు, ఆ కాలానికి తెలిసినంత అది. మరో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కథా ఇంతే. ‘అన్నల్స్’ మొదటి ఆరు పుస్తకాలు 1515లో రోమ్‌లో అచ్చయ్యేదాకా లోకానికి అందలేదు. రోమన్ రచయిత పెట్రోనియస్ నవలలోని విందు ఘట్టం 1664లో పాడువాలో బయటికొచ్చింది. చదవడానికి కొనేవాళ్లు ఈ సంవత్సరాలు గుర్తుపెట్టుకోవాలి. అచ్చు చరిత్ర కోసం కొనేవాళ్లకు ఆ వెలితే ఆసక్తి.

ఇక అసలు పోటీలోకి వద్దాం.

ఆల్డస్ మనూషియస్ పేరు విననివాళ్లు కూడా ఆయన సొత్తు రోజూ వాడుతున్నారు. మనం కంప్యూటర్‌లో ఇటాలిక్ అని నొక్కే వాలు అక్షరాలతో పూర్తి పుస్తకం మొదట వేసింది ఆయనే. 1501లో వెనిస్‌లో రోమన్ కవి వర్జిల్ కావ్యాలను చేతిలో పట్టే ఆక్టేవో సైజులో, అంటే కాగితాన్ని 8 ఆకులుగా మడిచే సైజులో తెచ్చాడు. అక్షరాలు చెక్కినవాడు ఫ్రాన్సెస్కో గ్రిఫో. అంతకుముందు ఇలాంటి కావ్యాలు ఎక్కువగా బల్లమీద పెట్టుకుని చదవాల్సిన పెద్ద పుస్తకాలుగా వచ్చేవి. లంగరుకు చుట్టుకున్న డాల్ఫిన్ ఆయన గుర్తు. ఆ గుర్తు కనపడగానే గుండె ఒక్క క్షణం ఆగుతుంది, నిజమే. కానీ ఆగి సంవత్సరం చూడండి. ఆల్డస్ 1515లో పోయాడు. కొడుకు, మనవడు ఆ అచ్చుకూటాన్ని 16వ శతాబ్దం చివరిదాకా నడిపారు. 1560ల నాటి లంగరు పుస్తకం మంచి పుస్తకమే, పైగా తొలినాళ్ల ప్రతులకంటే చాలా తక్కువకు దొరుకుతుంది. అయితే అది ఆల్డస్ చేతి మీదుగా వచ్చింది కాదు. అమ్మేవాళ్లు ‘ఆల్డైన్’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే, ఏ తరం అని అడగాల్సింది మనమే.

ఆల్డస్ బతికుండగానే లియోన్‌లో ఆయన పుస్తకాలకు నకళ్లు వేశారు. అదే సైజు, అదే తరహా వాలు అక్షరాలు, ఊరి పేరు గానీ ముద్రాపకుడి పేరు గానీ లేకుండా. ఆయన 1503లో హెచ్చరిక అచ్చువేసి, నకళ్లలో ఉన్న తప్పులన్నీ పట్టిక రాసి చూపించాడు. నకలు వేసేవాళ్లు ఆ పట్టిక చూసుకునే తమ తప్పులు దిద్దుకున్నారని చెబుతారు. ఈ లియోన్ నకళ్లకు ఇవాళ సేకర్తల్లో వాటి గిరాకీ వాటికి ఉంది. నకలు అని తెలిసి కొంటే తప్పేమీ లేదు. అసలు అనుకుని కొంటేనే బాధ.

నా అభిప్రాయం: ఆల్డస్ తొలినాళ్ల ప్రతి మొదటి పుస్తకం కాకూడదు. ఒకటి, ధర. రెండు, వాటిలో చాలా ప్రతులకు గత రెండు శతాబ్దాల్లో కొత్త బైండింగ్ కట్టారు, కాగితాలు కడిగారు, అంచులు కోశారు. దేనికి ఎంత విలువ తగ్గించాలో తెలియాలంటే చేతుల్లోంచి కొన్ని పుస్తకాలు వెళ్లి ఉండాలి.

ఎల్జివీర్ దగ్గరికొస్తే బేరం కాస్త మన వైపు మొగ్గుతుంది. రీసెర్చ్ చేసేవాళ్లు ఎల్సెవియర్ కంపెనీ పేరు రోజూ చూస్తారు. ఆ కంపెనీ 1880లో పుట్టింది. పాత ఎల్జివీర్ కుటుంబం నుంచి పేరునూ, చెట్టు కింద మనిషి నిలబడ్డ గుర్తునూ తీసుకుంది తప్ప వాళ్ల వారసత్వం కాదు. అసలు ఎల్జివీర్‌లు 1580 నుంచి 1712 దాకా హాలండ్‌లో పుస్తకాలు అమ్మారు, అచ్చువేశారు. 1630ల్లో వాళ్లు తెచ్చిన లాటిన్ క్లాసిక్స్ అరచేతిలో ఇమిడిపోతాయి. 1634లో లివీ, 1635లో సీజర్, అదే ఏడు మూడు సంపుటాల్లో ప్లినీ, 1636లో వర్జిల్. నా దగ్గర ఉన్న ఎల్జివీర్ ఎత్తు 12 సెంటీమీటర్ల పైచిలుకు. చొక్కా జేబులో పెడితే బయటికి కనపడదు. అట్ట తెల్లటి వెల్లం, అంటే దూడతోలును సాపు చేసి ఆరబెట్టినది. దాదాపు నాలుగు వందల ఏళ్లయినా దంతపు పలకలా నున్నగా ఉంది. కాగితం నార గుడ్డలతో చేసింది కాబట్టి వేలితో తిప్పితే ఇప్పటికీ గలగలమంటుంది. మన ఇళ్లలో తాతల నాటి న్యూస్‌ప్రింట్ పుస్తకాలు ముట్టుకుంటే పొడి అవుతుంటాయి కదా, వాటికంటే మూడు రెట్ల వయసున్న ఈ కాగితం అలా ఉండటం మొదటిసారి చూస్తే నమ్మబుద్ధి కాదు.

ఇబ్బంది అక్షరాల సైజు. నలభై దాటినవాళ్లు భూతద్దం లేకుండా అర పేజీ కూడా చదవలేరు. చదవడానికే అయితే ఎల్జివీర్ వద్దంటాను.

సేకరణకైతే ఇంతకంటే మంచి బడి లేదు. ఎందుకంటే అసలునూ తర్వాతి అచ్చునూ వేరుచేయడం ఇక్కడ చిన్న చిన్న గుర్తులతో నేర్చుకోవచ్చు. 1635 సీజర్‌నే ఎల్జివీర్‌లు ముఖపత్రం మీద అదే సంవత్సరం ఉంచి మళ్లీ అచ్చువేశారు. మొదటి అచ్చులో 149, 335, 475 పేజీల మీద పొరపాటున 153, 345, 375 అని పడింది. తప్పులున్నదే అసలు, దిద్దినది తర్వాతిది! ఆన్‌లైన్‌లో సీజర్ కనపడితే ఆ మూడు పేజీల ఫొటోలు అడగండి. అమ్మేవాళ్లు వెంటనే పంపారంటే వాళ్లకు పుస్తకం తెలుసని అర్థం. ఎల్జివీర్‌లను మిల్లీమీటర్లలో కొలుస్తారన్నది కూడా గుర్తుంచుకోండి. బైండింగ్ మార్చినప్పుడల్లా అంచులు కోస్తారు కాబట్టి ఎత్తు ఎక్కువున్న ప్రతికి విలువ ఎక్కువ.

మూడోది నా మనసుకు దగ్గరిది. 1670ల్లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ కొడుకు చదువు కోసం లాటిన్ రచయితలను ఒకే పద్ధతిలో అచ్చువేయించారు. పర్యవేక్షణ పియెర్ డానియెల్ యుయే. యువరాజును డోఫాన్ అనేవారు, లాటిన్‌లో డెల్ఫీనస్, అందుకే వీటికి డెల్ఫిన్ కూర్పులని పేరు. పేజీ తెరిచి చూస్తే తెలుగువాళ్లకు పరాయిగా అనిపించదు. పైన మూలపద్యం. దాని కింద అదే పద్యం తేలిక లాటిన్ వచనంలో. ఆ కింద మాటల వివరణ, చివర్లో పదసూచిక. మనకు వావిళ్లవారి టీకా తాత్పర్య సహిత ప్రబంధాలు ఎలాగో అలాగన్నమాట. ఒకటి రెండేళ్లు లాటిన్ నేర్చుకున్నవాళ్లు వర్జిల్‌ను దీనితో గట్టెక్కగలరు. చార్లెస్ ద లా రూ కూర్చిన 1675 నాటి డెల్ఫిన్ వర్జిల్ ఎంత పనికొచ్చిందంటే, ఇంగ్లీషులోకి వర్జిల్‌ను అనువదించిన డ్రైడెన్ కూడా దాన్ని దగ్గర పెట్టుకున్నాడు. ఈ వరసలో కొన్ని కూర్పులు ఆన్ డాసియే అనే స్త్రీ సిద్ధం చేశారు. 17వ శతాబ్దంలో ఒక మహిళ లాటిన్ మూలాలు పరిష్కరించి రాజుగారి పిల్లవాడి పాఠ్యపుస్తకం తయారుచేయడం చిన్న విషయం కాదు. అందుకే ఆమె పేరున్న ప్రతి కనపడితే నేను రెండోసారి ఆలోచించను.

డెల్ఫిన్‌లో రెండు రకాలు దొరుకుతాయి. పారిస్ క్వార్టోలు, అంటే కాగితాన్ని 4 ఆకులుగా మడిచినవి, పెద్దవి, బరువైనవి, పోస్టు ఖర్చే భారం. లండన్‌లో 18వ శతాబ్దమంతా విద్యార్థుల కోసం వేసిన ఆక్టేవోలు చవక. పిల్లలు వాడిన పుస్తకాలు కాబట్టి సిరా మరకలు, పేర్లు, అంచుల్లో అర్థాలు ఉంటాయి. కొందరికి అది లోపం, నాకు అది ఇష్టం. చురకల పద్యాలు రాసిన రోమన్ కవి మార్షల్‌ను కొంటుంటే ఒకటి చూసుకోండి. యువరాజు చదవకూడదనుకున్న బూతు పద్యాలను మధ్యలోంచి తీసి చివర్లో ఒకచోట చేర్చారు. ఆ చివరి భాగం చిరిగిపోయిన ప్రతులు ఉండే అవకాశం ఉంది కాబట్టి వెనక నుంచి కూడా తిప్పి చూడాలి.

15వ శతాబ్దపు పుస్తకాలు, అంటే ఇన్‌కునాబులా, నా స్తోమతకు మించినవి. వాటి గురించి ఒక్కటే చెబుతాను: విడి ఆకులు కొనకండి. పుస్తకాన్ని విప్పి ఆకు ఆకుగా అమ్మేవాళ్లకు మన కొనుగోలే ఊతం. 18వ శతాబ్దపు అందమైన ముద్రణలు మరో దారి. గ్లాస్గోలో ఫౌలిస్ సోదరులు 1744లో వేసిన రోమన్ కవి హోరేస్ పుస్తకానికి ప్రూఫులు యూనివర్సిటీలో వేలాడదీసి, తప్పు పట్టినవాళ్లకు బహుమతి ఇస్తామన్నారు. అయినా ఆరు తప్పులు మిగిలాయి. బర్మింగ్‌హామ్‌లో బాస్కర్‌విల్ 1757లో వేసిన వర్జిల్ చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ తర్వాత అదే 1757 తేదీతో మళ్లీ అచ్చువేశారు కాబట్టి తేదీ ఒక్కటీ చూసి నమ్మొద్దు. లండన్‌లో జాన్ పైన్ రాగి రేకుల మీద మొత్తం చెక్కి వేసిన హోరేస్‌లో రెండో సంపుటం 108వ పేజీ సీజర్ పతకం మీద ‘పోస్ట్ ఎస్ట్’ అని ఉంటే తొలి అచ్చు, ‘పొటెస్ట్’ అని ఉంటే తర్వాతిది.

లాటిన్ రాదు, రోమ్ చరిత్ర ఇంగ్లీషులో చాలు అనుకునేవాళ్లకు రోమన్ సామ్రాజ్య పతనం గురించి రాసిన గిబ్బన్ ఉన్నాడు. 1776 నుంచి 1788 వరకు ఆరు క్వార్టో సంపుటాలు. మొదటి సంపుటం తొలి అచ్చులో నోట్స్ పుస్తకం చివర ఉంటాయి, 1777 నాటి మూడో కూర్పు నుంచి పేజీ అడుగుకు వచ్చాయి. మిగతా ఐదూ తొలి కూర్పువి, మొదటిది మాత్రం తర్వాతిది, ఇలా కలిపిన సెట్లు తరచూ కనపడతాయి. అది మోసం కావాలని లేదు. కానీ వివరణలో రాయకపోతే ధర దగ్గర గట్టిగా మాట్లాడొచ్చు.

ఏది కొన్నా లెక్కపెట్టడం రావాలి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట రోమన్ చరిత్రకారుడు సాలస్ట్ పుస్తకం ఒకటి తెప్పించాను, ఆక్టేవో. అమ్మినవాళ్ల వివరణలో ‘సంపూర్ణం’ అని ఉంది. పార్శిల్ విప్పి, ప్రతి ఫారం, అంటే ఒక కాగితాన్ని మడిచి కట్టిన ఆకుల కట్ట, మొదటి పేజీ అడుగున ఉండే అక్షరం చూస్తూ పోయాను. ఏ, బీ, సీ... ఐ. ఆ తర్వాత ఎల్. ఒళ్లు చల్లబడింది. జే, కె రెండు ఫారాలూ పోయాయనుకున్నాను. ఆ తర్వాత పేజీ నంబర్లు చూస్తే 144 తర్వాత 161. అంటే పోయింది 16 పేజీలే, ఒక్క ఫారం. పాత అచ్చుకూటాలు వాడిన లాటిన్ వర్ణమాలలో 23 అక్షరాలే, అందులో జే, యూ, డబ్ల్యూ ఉండవు. ఐ తర్వాత కె రావడమే సరి, నా ప్రతిలో లేనిది ఆ కె. ఆక్టేవోలో ఫారానికి 8 ఆకులు, 16 పేజీలు. ఏ నుంచి జెడ్ దాకా ఒక చుట్టు పూర్తయితే 184 ఆకులు, 368 పేజీలు. ఈ ఒక్క లెక్క వస్తే సగం మోసాలు ఇంట్లో కూర్చునే పట్టుకోవచ్చు. నేను ఫొటోలు పంపి రాస్తే వాళ్లు డబ్బు వెనక్కిచ్చారు, అది వేరే సంగతి. ఆ రెండు వారాల టెన్షన్ మాత్రం మర్చిపోలేను.

ఊరి పేర్లు రెండో ఉచ్చు. ముఖపత్రం మీద ‘లుగ్డూని’ అని మాత్రమే ఉంటే లియోన్, ‘లుగ్డూని బటావోరుమ్’ అని ఉంటే హాలండ్‌లోని లైడెన్. ‘లిప్సియే’ లైప్‌జిగ్, ‘పటావీ’ పాడువా, ‘అర్జెంటొరాటి’ స్ట్రాస్‌బర్గ్, ‘బిపోంటి’ జర్మనీలోని ట్స్‌వైబ్రూకెన్. తేదీలోనూ డచ్చివాళ్లు ‘ఎం’ బదులు సి, నిలువు గీత, తిరగేసిన సి వేసి 1000 అంటారు. నిలువు గీత, తిరగేసిన సి మాత్రమే ఉంటే 500. అలవాటయ్యేదాకా పక్కన కాగితం పెట్టుకుని కూడుకోవడమే.

పుస్తకం ఇంటికొచ్చాక మీ సొంత వివరణ రాసుకోండి. ముఖపత్రం మీది మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఎత్తు మిల్లీమీటర్లలో, ఫారాల లెక్క, బొమ్మలూ మ్యాపులూ ఎన్ని, బైండింగ్ ఏ కాలానిది, పాత యజమానుల పేర్లు, చివరగా లోపాలు. సైజు అనుమానంగా ఉంటే ఆకును వెలుతురుకు ఎత్తి పట్టండి. కాగితంలో దూరదూరంగా కనపడే గీతలు నిలువుగా ఉంటే ఫోలియో (కాగితాన్ని ఒక్కసారే మడిచినది) లేదా ఆక్టేవో, అడ్డంగా ఉంటే క్వార్టో, చాలావరకు 12 మడతల చిన్న పుస్తకాలు కూడా. లోపాలు రాసేటప్పుడు మొహమాటపడొద్దు. ‘కొద్దిగా తడి’ అనకుండా ‘చివరి 20 ఆకుల పై మూలన తడి మరక, అక్షరాలకు తగల్లేదు’ అని రాయాలి. గ్రంథాలయం ముద్ర కనపడితే దాన్ని బయటికి పంపినట్టు ముద్ర కూడా ఉందా అని అడగాలి. 2012లో నేపుల్స్‌లోని జిరోలామిని గ్రంథాలయం నుంచి పెద్ద ఎత్తున పుస్తకాలు దొంగతనంగా బయటికి వెళ్లినట్టు తేలింది. ఆ కేసులో శిక్ష పడింది దాని డైరెక్టర్‌కే. అప్పటి నుంచి ఈ ప్రశ్న అడగడం ఎవరికీ అవమానంగా లేదు.

మన వాతావరణం కూడా ఎంపికలో భాగమే. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వెల్లం అట్ట తేమకు వంకర తిరుగుతుంది. అక్కడ మామూలు దూడతోలు బైండింగ్ మేలు. హైదరాబాద్‌లో ఎండాకాలం ఏసీ గదిలో గాలి మరీ పొడిగా ఉంటే ఆ తోలే మడత దగ్గర పగలొచ్చు, వెల్లం కూడా వంకర తిరగొచ్చు. ఎక్కడైనా గోడకు ఆనించకుండా, గాలి ఆడేలా, నెలకోసారి తీసి చూసేలా పెట్టుకోవాలి. చెదలకు లాటిన్, తెలుగు తేడా లేదు. విదేశాల నుంచి తెప్పిస్తే పాత పుస్తకాలపై కస్టమ్స్ సుంకం ఉందా, ఉంటే ఎంత అన్నది కొనేనాటికి సరిచూసుకోండి.

చివరికి నేనేం చెబుతానంటే: చదవాలనుకుంటే లండన్ డెల్ఫిన్ ఆక్టేవో, పక్కన ఎర్ర అట్ట లోబ్ సంపుటం. 1912 నుంచి వస్తున్న లోబ్‌లో ఎడమ వైపు లాటిన్, కుడి వైపు ఇంగ్లీషు ఉంటాయి కాబట్టి చిక్కుపడ్డచోట చేయి పట్టి నడిపిస్తుంది. అచ్చు చరిత్ర మీద మనసుంటే ఎల్జివీర్. ఆల్డస్ కోసం మూడు నాలుగేళ్లు ఆగండి.

ఒక ఫలానా పేజీ కోసమే అయితే సెట్ మొత్తం అక్కర్లేదు. సేకర్తలు ముట్టని విడి సంపుటాలు చాలా తక్కువకు వస్తాయి. నేను చేసింది అదే. 1635 ఎల్జివీర్ ప్లినీలో ఆరో పుస్తకం ఉన్న విడి సంపుటం ఒక్కటే కొన్నాను. వెన్ను మీద చీలిక ఉంది, మొదటి ఖాళీ ఆకు మీద ఎవరివో రెండు పేర్లు ఉన్నాయి, ఫారాల లెక్క సరిపోయింది. భూతద్దం పెట్టి వెతికితే ఆ చిన్న అక్షరాల మధ్య ఏనుగుల లెక్క కనపడింది. ఆ పేజీలో ఒక పలచటి కాగితం ముక్క పెట్టి ఉంచాను, ఇంటికొచ్చిన పిల్లలకు చూపించడానికి.